వీధంతా ఒక ఇల్లు జరిగిన రోజు

మ్యాచ్‌కి ముందు బండి డాలా దించుకుని తినే తిండి సంగతి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఒక్కటే. డాలా మీద తడి గోనెసంచి పరుచుకోండి. డాలా అంటే ట్రాలీ ఆటో వెనక ఉండే రేకు తలుపు. గొళ్లేలు తీసి కిందికి వాలిస్తే గొలుసుల మీద బల్లలా నిలబడుతుంది. ఎండాకాలంలో పొద్దున తొమ్మిదికే ఆ రేకు పెనంలా కాలుతుంది. మా ఆడపడుచు కూతురు ఒకసారి మాట వినకుండా దాని మీదికి ఎగిరి కూర్చుని, కూర్చున్నంత వేగంగా "అమ్మో" అంటూ కిందికి దూకింది. దూకితే దూకింది, పెరుగు గిన్నె కూడా తోసేసింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ పెరుగు లేకుండా తిన్నాం. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

రెండోది, అక్కడ బిర్యానీ వండాలని చూడకండి. ఏటి గాలికి దమ్ము నిలవదు. అడుగు మాడిపోతుంది, పైన బియ్యం బియ్యంగానే ఉంటుంది. కోడికి ముందు రోజే ఉప్పూ కారం పసుపూ పట్టించి తీసుకెళ్లండి. గోంగూర ఇంట్లోనే నూరుకోండి. అన్నం మాత్రం అక్కడే వండండి. వేడన్నం పడకపోతే మావాళ్లకు ఆడే ఓపిక రాదు, గెలిచే ఓపిక ఎటూ లేదనుకోండి. మజ్జిగ బిందె బండి కింద నీడలో పెట్టండి. ఉప్పు పొట్లాలు రెండు పెట్టుకోండి. ఒకటి ఎవరో ఒకరు అడిగి పట్టుకుపోతారు, మళ్లీ దాని మొహం చూడం.

మూడోది చెప్పాలంటే ఆ చోటేమిటో ముందు చెప్పాలి.

అది మామూలు గ్రౌండు కాదు. అది మా ఊరు. కృష్ణ మీద ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగిన ఊళ్లలో మాదొకటి. ఇళ్లు ఖాళీ చేయించి, పై వీధివాళ్లను పిడుగురాళ్ల వైపు కాలనీలోనూ, కింది వీధివాళ్లను సత్తెనపల్లి వైపు కాలనీలోనూ పెట్టారు. ఏడాదిలో పది నెలలు మా ఊరి మీద నీళ్లుంటాయి. ఎండలు ముదిరి నీళ్లు దిగిపోయాక నెలా నెలన్నర ఊరు బయటపడుతుంది. ఊరంటే ఇళ్లు కాదు. బూడిద రంగు ఒండ్రు, దాని నిండా ఆల్చిప్పలు, చచ్చి నిలబడ్డ తుమ్మమొద్దులు నాలుగు. ఎటు చూసినా ఎండిన చేపల వాసన. బడి ముందరి జాగా మాత్రం గట్టిపడి చదునుగా ఉంటుంది. ఏటా ఒక ఆదివారం పై వీధికీ కింది వీధికీ అక్కడ క్రికెట్ మ్యాచ్. మేము కింది వీధి.

మ్యాచ్ పదకొండుకి. బండ్లు మాత్రం ఏడింటికే దిగుతాయి. ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు, వ్యాన్లు, ఎవరికి ఉన్నది వాళ్లు వేసుకొస్తారు. ఎవరి బండి వాళ్ల ఇంటి స్థలంలోనే ఆగాలి. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు, మొదటి ఏడు నుంచీ ఉంది. బండి మూతి వీధి వైపు, డాలా పెరటి వైపు. పొయ్యి పెరట్లో. వండేదీ తినేదీ అక్కడే, ఇంట్లో ఉన్నట్టే.

బయటివాళ్లు చూస్తే జడుసుకునేది ఇక్కడే. గోడలు లేవు కదా, అయినా ఎవరూ గోడల్లోంచి నడవరు. పక్క బండి పిలిస్తే పలికేంత దూరంలో ఉంటుంది. అయినా అగ్గిపెట్టె కావాలంటే మనిషి వీధిలోకి వెళ్లి, వాళ్ల గుమ్మం ఉండే చోట ఆగి, "ఏమే, ఉన్నావా?" అని పిలుస్తుంది. లోపలి నుంచి "రాయే" అన్నాకే అడుగు పెడుతుంది. గడప ఉండే చోట కాలు కొంచెం ఎత్తి వేస్తుంది. మొదటి రెండేళ్లు పునాది రాళ్లు కనపడేవి. తర్వాత ఒండ్రు కప్పేసింది. రాళ్లు పోయినా నడక పోలేదు. కాలనీలో పుట్టిన పిల్లలు మర్చిపోయి అడ్డంగా పరిగెత్తితే ముసలివాళ్లు ఉలిక్కిపడి అరుస్తారు, "గోడలోంచి వస్తన్నావేందిరా!" అని. ఆ అరుపుకి నాకు ఏటా ఒళ్లు జలదరిస్తుంది. నడినెత్తిన ఎండ కాస్తుంటే, ఖాళీ నేల మీద ఒక వీధి జనమంతా లేని గోడల చుట్టూ తిరుగుతూ, లేని వాకిళ్లలో నిలబడి ఒకళ్లనొకళ్లు పిలుచుకుంటూ ఉంటారు. అంత ఎండలోనూ చలేస్తుంది.

అక్కడ చప్పుడు కూడా తేడా. ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషి మాట సరిగ్గా వినపడదు. వీధి చివర ఎవరో గరిటె కింద పెడితే మాత్రం మన చెవి పక్కనే పెట్టినట్టుంటుంది. అందుకే అందరూ తినేటప్పుడు మాట్లాడటం మానేస్తారు. నలభై కుటుంబాలు ఒక్క మాట లేకుండా తింటాయి, ఆల్చిప్పలు కాళ్ల కింద పటపటమంటాయి. ఆ పది నిమిషాలూ నాకు భయం, ఇష్టం, రెండూను.

ఇక మూడోది. మీ చోటు ఎక్కడో మీరే గుర్తుపెట్టుకోండి. పక్కవాడి బండిని చూసి మీ బండి ఆపకండి. మేము చేసిన తప్పు అదే.

నేను ఆ మ్యాచ్‌కి క్రికెట్ కోసం వెళ్లేదాన్ని కాదు. ఆ ఆటలో ఎవరు ఎందుకు పరిగెత్తుతారో నాకు ఇవాళ్టికీ అర్థం కాదు. నేను వెళ్లేది మా పెరట్లో కూర్చోవడానికి. నా ఇరవయ్యో ఏట తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. తొమ్మిది రోజులు బతికింది. బారసాల కాలేదు, పేరు పెట్టలేదు. పేరు పెట్టని పిల్లను శ్మశానానికి తీసుకుపోరు, మా ఇళ్లలో అంతే. నేను పురిటి మంచం మీద ఉండగానే మా అత్త పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పూడ్చి వచ్చింది. "చెట్టు మొదట్లో చల్లగా ఉంది, ఏడవమాక" అంది. నేను గది బయటికి వచ్చేసరికి అక్కడ నేల నున్నగా అలికి ఉంది. ఆ తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఆ పిల్ల ఊసు ఇంట్లో ఎవరూ మళ్లీ ఎత్తలేదు, మా ఆయనతో సహా.

ఊరు ఖాళీ చేయించేటప్పుడు ఆఫీసర్లు వచ్చి ఇల్లు రాసుకున్నారు, గొడ్లపాక రాసుకున్నారు, కరివేపాకు చెట్టు కూడా రాసుకున్నారు. దాని కింద ఏముందని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. అందుకు నన్ను నేను చానా తిట్టుకున్నాను. ఇంటి దూలాలు మోసుకెళ్లాం, తలుపులు మోసుకెళ్లాం, గొడ్లను కట్టే రాట కూడా పీక్కెళ్లాం. దాన్ని మాత్రం నీళ్ల కింద వదిలేసి వెళ్లాం.

కాలనీకి వెళ్లిన మూడో ఏడు మా అత్త పోయింది. అప్పటి నుంచి ఏటా మ్యాచ్ రోజు డాలా దించాక, వేడన్నంలో మొదటి ముద్ద నెయ్యి వేసి కలిపి, చెట్టు ఉండే చోట నేల మీద పెట్టేదాన్ని. చూసినవాళ్లు గంగమ్మకు పెడుతోందనుకునేవాళ్లు. అనుకోనీ. ఏడాదికి ఒక ముద్ద, ఒక గంట పక్కన కూర్చోవడం. అంతకుమించి ఆ పిల్లకు నేను చేసిందేమీ లేదు.

ఈ ఎండాకాలం బయల్దేరేముందు ఒక మాట తెలిసింది. వచ్చే ఏడు నుంచి ఎండల్లో కూడా నీళ్లు నిలబెడతారట. ఊరు ఇక బయటపడదట. మా ఆయన ఆఫీసుకి వెళ్లి అడిగొచ్చాడు, నిజమే అన్నారట. ఆ మాట చెప్పి ఆయన అన్నం తిని పడుకున్నాడు. నాకు తిండి సయించలేదు. అందరికీ అది ఆఖరి మ్యాచ్. నాకు ఆఖరి ముద్ద.

మా వీధిలో మొదటి ఇల్లు మెకానిక్ బాబాయిది. సాయిబులు. వరస ఏమీ లేకపోయినా ఊరందరికీ ఆయన బాబాయే. లారీల కింద దూరి పని చేసుకునేందుకు ఇంటి పక్కన సిమెంటు ర్యాంపు కట్టుకున్నాడు. ఊరంతా ఒండ్రులో పూడుకుపోయినా ఆ ర్యాంపు మాత్రం జానెడు పైకి కనపడేది. ఏటా ఆయన అందరికంటే ముందు వచ్చి, ర్యాంపుకి ఆనించి వ్యాను పెట్టేవాడు. ఆయన్ని చూసి రెండో ఇంటివాళ్లు ముప్ఫై అడుగులు వదిలి ఆపేవాళ్లు. వాళ్లను చూసి మూడో ఇల్లు, వాళ్లను చూసి నాలుగో ఇల్లు, ఎదురు వరసవాళ్లు మా వరసను చూసి. మాది ఆరోది. వీధి వీధంతా ఆ ఒక్క మనిషిని పట్టుకుని నిలబడి ఉందని ఎవరికీ తోచలేదు.

ఈ ఏడు బాబాయికి నరసరావుపేటలో కంటి ఆపరేషను అయింది, రాలేదు. కొడుకు వచ్చాడు. ఇద్దరు పిల్లల తండ్రే, కానీ ఊరు మునిగేనాటికి చిన్నవాడు. ర్యాంపు పక్కన ఒండ్రు ఇంకా తడిగా ఉందని, కొత్త బండి దిగబడిపోతుందని, అవతల గట్టినేల చూసుకుని ఆపాడు. సరిగ్గా ఒక ఇల్లు అవతల. వెనక వచ్చినవాళ్లు ర్యాంపును చూడలేదు, బండిని చూశారు. రెండో ఇంటివాళ్లు మూడో ఇంట్లో దిగారు, మూడో ఇంటివాళ్లు నాలుగో ఇంట్లో. అలా వీధి చివరిదాకా అందరూ ఒక ఇల్లు జరిగిపోయారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది మాత్రం ఏదో బాగాలేదని.

ఏటా బండి దిగగానే నాకు కొంచెం ఊపిరి ఆడినట్టు ఉండేది. ఈసారి ఆడలేదు. పొయ్యి రాళ్లు ఎటు పెట్టినా పొగ నా మొహానికే వచ్చింది. నాకొక్కదానికే అనుకున్నాను. చూస్తే వీధంతా అంతే. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనుషులు పిల్లల మీద విసుక్కుంటున్నారు. ఒకామె ఉప్పు డబ్బా కోసం కుడిచేతి వైపు చెయ్యి చాపుతుంది, అక్కడ ఏమీ ఉండదు, చెయ్యి వెనక్కి తీసుకుని ఆ చేతినే చూసుకుంటుంది. ఎదురు ఇంటి పెద్దాయన కుర్చీ నాలుగుసార్లు జరిపాడు. "ఏంది మామా, కుదురుగా కూసోవా?" అని కోడలు కసిరితే, "ఎవురో వీపెనకాల నిలబడ్డట్టుందమ్మా" అన్నాడు. కోడలు నవ్వబోయి తనూ వెనక్కి తిరిగి చూసింది. మాతో బండిలో వచ్చిన కుక్క కిందికి దిగలేదు. బిస్కెట్ చూపించినా దిగలేదు.

భోజనాలు మొదలు కాలేదు, అప్పుడే రెండు తగాదాలయ్యాయి. ఒకటి గిన్నె గురించి, ఒకటి అసలు దేని గురించో ఎవరికీ తెలియదు. ఆఖరి ఏడు కదా, మనసులు బాగాలేవులే అని సర్దుకున్నాను.

పొయ్యి రాళ్లు కుదరక, కొంచెం గుంట తీద్దామని గునపం పట్టుకున్నాను. మా పెరట్లో నేల మెత్తన. అత్త రోజూ అలికే మట్టి నేల. రెండో పోటుకే గునపం ఠంగుమంది. చేతుల్లోంచి భుజాల దాకా జివ్వుమంది. కూర్చుని చేతులతో ఒండ్రు తోశాను. ఎర్రగా కనపడింది. ఇంకొంచెం తోశాను. నున్నటి ఎర్ర గచ్చు, ఇంతకాలం నీళ్లలో నానినా రంగు పోలేదు.

వీధి మొత్తానికి ఎర్ర గచ్చు ఉన్నది ఒక్క శెట్టిగారి ఇంట్లోనే. కొట్టు సరుకు పెట్టుకునే గదికి వేయించుకున్నాడు. ఆయనది మా పక్క ఇల్లు, ఏడోది. నేను శెట్టిగారి కొట్టుగదిలో పొయ్యి పెడుతున్నాను.

తలెత్తి చూశాను. శెట్టిగారి కుటుంబం మా తర్వాతి జాగాలో డాలా దించుకుని ఉల్లిపాయలు తరుక్కుంటోంది. వాళ్లూ వాళ్ల ఇంట్లో లేరు. ఎవరూ ఎవరి ఇంట్లోనూ లేరు. అందరూ పక్కవాళ్ల గోడల చుట్టూ జాగ్రత్తగా తిరుగుతున్నారు.

మా ఆయన మ్యాచ్‌కి అంపైరు. మెడలో విజిల్ వేసుకుని బయల్దేరుతుంటే ఆపాను.

"ఇది మనిల్లు కాదయ్యా."

"ఏంది?"

"శెట్టిగారిల్లు. ఇదిగో గచ్చు, చూడు. వీధంతా తప్పు నిలబడింది."

గచ్చు వంక చూశాడు. వీధి వంక చూశాడు. ఆయనకు అర్థమైంది, ఆ సంగతి నాకు తెలిసింది. "ఇప్పుడు బండి తియ్యాలంటే అందరూ తియ్యాల. పొయ్యిల మీద కూరలున్నాయ్. నోరు మూసుకుని కూసో" అన్నాడు.

"నేను మన పెరట్లో కూసోవాల."

అప్పుడు ఆయన నా మొహం చూశాడు. ఇన్నేళ్లలో ఆ సంగతి మా ఇద్దరి మధ్యకు అంత దగ్గరగా రావడం అదే మొదలు. వస్తుందేమో అనుకున్నాను. "యాడైతే ఏందే, మట్టి మట్టేగా" అని విజిల్ సర్దుకుని వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. గునపం అక్కడే విసిరికొట్టాను. అన్నం ఉడికింది ఎప్పుడో. కొత్త ఆకులో వేడన్నం పెట్టి, నెయ్యి వేసి, కోడికూర ఎముక లేని ముక్క ఒకటి ఏరి పెట్టుకుని వీధిలోకి వచ్చాను. ఎవరి బండి మా ఇంట్లో ఉందో లెక్క వేసుకునే పని లేదు. మాకు ముందు ఉండేది ఐదో ఇల్లు. వాళ్లే మా ఇంట్లో ఉండి ఉంటారు.

ఐదో ఇంటి అక్కకూ మాకూ మాటల్లేవు. వాళ్ల జలదారి నీళ్లు మా పెరట్లోకి వస్తున్నాయని నేను ఒక మాటంటే, ఆమె పదన్నది. ఆమె పదంటే నేనూరుకునే రకాన్నా? గోడకి అటొకరు ఇటొకరు నిలబడి ఊరంతా వినేట్టు తిట్టుకున్నాం. ఆ జలదారీ మునిగింది, ఆ గోడా మునిగింది, కోపం మాత్రం కాలనీకి వెంట తెచ్చుకున్నాం. కుళాయి దగ్గర ఎదురుపడినా ఆమె బిందె వంక చూస్తుంది, నేను ఆకాశం వంక చూస్తాను. ఇన్నేళ్లుగా ఇదే వరస. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి ఏమని చెప్పను? నీ పొయ్యి కింద నా పిల్ల ఉంది, పక్కకు జరుగు అని చెప్పనా?

పొయ్యి మాట తోచగానే అడుగులు పెంచాను. వాళ్లింట్లో గుంట పొయ్యే తవ్వుతారు, ఏటా చూస్తున్నాను. మోకాలి లోతు తవ్వి, కట్టెలు వేసి, పెద్ద డేగిశా ఎక్కిస్తారు. డాలా దించిన చోటు నుంచి నాలుగడుగుల్లో తవ్వుతారు. మా డాలా దించే చోటు నుంచి చెట్టు సరిగ్గా నాలుగడుగులు. ఆకులో అన్నం జారిపోతుంటే దాదాపు పరిగెత్తాను.

మా గుమ్మం ముందు ఆగాను. నా ఇంటి ముందు నేనే పరాయిదాన్నై నిలబడి, పిలవాలి. గోడలోంచి పోలేను కదా.

"అక్కా, ఉన్నావా?"

లోపల వాళ్ల కోడలు డేగిశా దగ్గర నిలబడి గరిటె తిప్పుతోంది. పొయ్యి ఎక్కడో దూరంగా, బండి మూతి దగ్గర, వీధి పక్కన ఉంది. ఏ ఇంట్లోనూ ఎవరూ వసారాలో పొయ్యి పెట్టరు. అక్క మాత్రం డాలాకి నాలుగడుగుల అవతల, నీడ లేకుండా, మండే ఎండలో నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చుని ఉంది. కొంగు నెత్తిన కప్పుకుంది. పక్కన గునపం పడి ఉంది. ముందర ఆకు లేదు, గ్లాసు లేదు. కోడలు నన్ను చూసి, "పొద్దుట్నించీ అట్టానే కూసుందత్తా. లెమ్మంటే లెగట్లా. నీళ్లు కూడా తాగలా. ఏందో అర్థం కాట్లా మాకు" అంది.

అక్క నా వంక చూసింది. బిందె వంక కాదు, నా వంకే.

"రాయే" అంది. "ఇంతసేపా?"

గడప దగ్గర కాలెత్తి దాటాను.

"పొయ్యికని గునపం దించా" అంది అక్క, కోడలికి వినపడకుండా. "రాయి తగిలింది. మట్టి తోసి చూశా. మీ సన్నికల్లు."

"మా సన్నికల్లు యాడిదక్కా ఇక్కడ?"

"మీ అత్త పెట్టింది. నీకు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. నేను బాలింతగా మంచం మీద ఉన్నప్పుడే సన్నికల్లు పగిలిపోయిందని కొత్తది తెచ్చారు. పగిలితే పగిలిందిలే అనుకున్నాను. అంతకుమించి ఆ రాయి గురించి ఎప్పుడూ తలుచుకోలేదు.

"ఆ పొద్దు నేను గోడ మీంచి చూశా" అంది అక్క. "మీ అత్త ఒక్కతే తవ్వుకుంది. ఏడుపు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. కుక్కలు తోడతాయని సన్నికల్లు మోసుకొచ్చి పైన పెట్టి, దాని మీద మట్టేసి అలికింది. నన్ను చూసింది. చెప్పొద్దని చెయ్యి ఊపింది. నేనెవరికీ చెప్పలా. నీతో అన్ని మాటలన్నా గానీ, ఎంత కోపంలోనైనా ఆ మాట ఎత్తలా. గుర్తు చేసుకో."

గుర్తు చేసుకున్నాను. నిజమే. ఆమె నన్ను అనని మాట లేదు, ఆ ఒక్క మాట తప్ప. పిల్లను మింగిన దానివి అని అనడానికి ఎంతసేపు? కాలనీలో ఇంకెవరెవరో అన్నారు కూడా. ఆమె అనలేదు. నేను ఎప్పుడూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

"రాయి చూడగానే తెలిసింది, తప్పింట్లో దిగామని" అంది. "బండి తీద్దామంటే వీధంతా తియ్యాల. మావాళ్లకు చెప్తే వందమందికి చెప్తారు. నేను లేస్తే పిలకాయలు తొక్కుతారు, మావాళ్లు పొయ్యి ఇక్కడే తవ్వుతామంటారు. అందుకని నేనే కూసున్నా. నువ్వొస్తావు, రాక యాడికి పోతావని."

నేను ఆమె పక్కన కూలబడ్డాను. ఎండకు ఆమె మొహం నల్లబడిపోయింది, పెదాలు పగిలాయి. ఏడింటి నుంచి పదిన్నర దాకా నా పిల్ల మీద ఎవరి కాలూ పడకుండా కాపలా కాసిన మనిషిని, ఆ ముందు రోజు కూడా కుళాయి దగ్గర చూసి మొహం తిప్పుకున్నాను. ఏడుపొచ్చేసింది. ఆపుకోలేదు. ఆపుకోమని ఆమె అనలేదు.

కొంచెం పక్కకు జరిగి, తను కూర్చున్న చోట చేత్తో ఒండ్రు తోసింది. నల్లటి రాయి అంచు కనపడింది. నేను వేళ్లతో తాకాను. అంత ఎండలోనూ ఆ రాయి చల్లగా ఉంది. నీళ్లు దిగి ఎన్నాళ్లయిందో, నేల పైన అంతా నిప్పులు చెరుగుతోంది, అది మాత్రం చల్లగా ఉంది. అక్క కూడా తాకి చూసింది. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం.

ఆకు రాయి పక్కన పెట్టి ముద్ద కలిపాను.

"ఏమని పిలుస్తావే దాన్ని?" అంది అక్క.

"పేరు పెట్టలేదు కదక్కా."

"నాకు చెప్పమాక ఆ మాట. తొమ్మిది రోజులు పాలిచ్చినదానివి. ఏదో ఒకటి అనుకోకుండా ఉంటావా?"

చెప్పాను. కడుపులో ఉన్నప్పుడే అనుకున్న పేరు. అన్నేళ్లలో మొదటిసారి అది నా నోటి నుంచి బయటికొచ్చింది. మా ఆయనకు కూడా తెలియదు. ఇక్కడ కూడా రాయను.

అక్క ఆ పేరుని నోట్లో ఒకసారి అనుకుని చూసుకుంది. బాగుంది అన్నట్టు తలూపింది. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని లేచింది. వీధి వైపు తిరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆటల్లో పడి తిండి వేళకు ఇంటికి రాని పిల్లను కేకేసే గొంతుతో ఆ పేరు పెట్టి పిలిచింది. "యాడ తిరుగుతన్నావే! మీ అమ్మ అన్నం పెట్టింది, రా!"

అక్కడ చప్పుడు ఎట్లా పోతుందో చెప్పాను కదా. ఆ కేక వీధి ఈ చివర నుంచి ఆ చివరికి పోయింది. అన్ని బండ్ల దగ్గరా గరిటెలు ఆగిపోయాయి. పొద్దుటి నుంచి విసుక్కుంటున్న మనుషులంతా తలలు తిప్పి చూశారు. ఎవరి పిల్లో తప్పిపోయిందనుకుని ఇద్దరు లేచి నిలబడ్డారు. బడి ముందర టాస్ వేస్తున్న మా ఆయన ఆ పేరు అంతకు ముందు ఎన్నడూ వినలేదు. అయినా నాణెం చేతిలోనే పట్టుకుని, ఉన్నచోటనే నేల మీద కూర్చుండిపోయాడు.

అక్క రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచింది. ఎవరూ పలకలేదు.

అంత పెద్ద గొంతుతో పిలుస్తుంటే ఎవరో ఒకరు పలకాలి కదా.

"ఆఁ, వస్తన్నా" అన్నాను నేను.